తల్లిగారింటికి వెళ్లేటప్పుడు షుగర్ కార్డు కూడా వెళ్లాలి

(నాంపల్లిలో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగం. ఈ సంచిక కోసం స్వల్ప మార్పులతో.)

 

మన సమావేశాల్లో ఎక్కువగా తీజ్ గురించి, దండారి గురించి, మన భాష, మన పాట గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఆరోగ్యం మీద ఒక మాట చెప్పమని నన్ను పిలిచారు. గర్భిణులకు వచ్చే షుగర్ గురించి, అందులోనూ ఏడో నెల నుంచి పురుడు దాకా దాన్ని ఎలా చూసుకోవాలన్న దాని గురించి చెప్తాను. ఈ మాట అనగానే వెనక వరుసలో కొందరు మగపిల్లలు ఫోన్లు తీశారు. ఇది ఆడవాళ్ల ముచ్చట అనుకున్నట్టున్నారు. పర్వాలేదు, ఫోన్లు చేతిలోనే ఉంచుకోండి. చివర్లో వాటితో పని ఉంది.

నేను డాక్టర్ని కాను. బీఈడీ చదివి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, తర్వాత వార్డెన్‌గా వచ్చినదాన్ని. ఎవరికి ఏ మందు, ఎన్ని యూనిట్లు అన్నది నేను చెప్పను. అది వాళ్లను చూసే డాక్టరే చెప్పాలి. నేను చెప్పేది ఇంట్లో మనం చేయాల్సిన పని గురించి.

హాస్టల్లో ఔటింగ్ రిజిస్టర్ ఒకటి ఉంటుంది. బయటికి వెళ్లే అమ్మాయి అందులో కారణం రాసి సంతకం పెట్టాలి. ‘అక్కకు తోడుగా ఆసుపత్రికి’, ‘వదిన స్కానింగ్‌కు’ అని రాసే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ఎందుకంటే ఇంట్లో రిపోర్టు చదవగలిగేది వాళ్లే. ఏ కౌంటర్‌లో చీటీ రాయించుకోవాలి, ఏ గదిలో రక్తం ఇవ్వాలి అని అడిగి తెలుసుకోగలిగేదీ వాళ్లే. సాయంత్రం వచ్చి నాకు రిపోర్టు చూపిస్తారు. అలా చూసీ చూసీ నాకు ఒక సంగతి అర్థమైంది.

షుగర్‌ను అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది చివరి మూడు నెలల్లో. సరిగ్గా ఆ నెలల్లోనే మన ఆడబిడ్డ ఊరు మారుతుంది. పట్నంలో కాపురం ఉంటే తల్లిగారింటికి, తాండాకు వెళ్తుంది. తాండాలో ఉంటే పెద్దాసుపత్రి కోసం పట్నంలో ఉన్న అన్న ఇంటికో, చిన్నమ్మ ఇంటికో వస్తుంది. మనిషి వస్తుంది, చీరల సంచి వస్తుంది. షుగర్ లెక్క మాత్రం పాత ఊళ్లోనే ఉండిపోతుంది. ఆ లెక్కను ఊరు దాటించే పని మీరు చేయాలి. ఇవాళ నేను అడగడానికి వచ్చింది అదే.

ఈ చుట్టుపక్కల పేర్లలోనే మన విషయం ఉంది. అబిడ్స్ నుంచి నాంపల్లి వచ్చేటప్పుడు మొజంజాహీ మార్కెట్ దాటుతారు కదా. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కొడుకు మొజంజా పేరు దానికి పెట్టారు. ఆయన భార్య నిలోఫర్. ఆమె దగ్గర పనిచేసిన రఫత్ అనే ఆమె 1949లో కాన్పు కష్టమై చనిపోయింది. సరైన వైద్యం అందక ఇంకో తల్లి అలా పోకూడదని నిలోఫర్ పట్టుబట్టింది. నాంపల్లి పక్కనే రెడ్ హిల్స్‌లో 1953లో మొదలైన నిలోఫర్ ఆసుపత్రి వెనక ఉన్న కథ అది. ఆ కాలంలో రాజకుమారి ఇంట్లో పనిచేసే మనిషికే వైద్యం అందలేదు. ఇవాళ నిలోఫర్ ఉంది, కోఠిలో సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి ఉంది, పేట్లబురుజులో ఇంకొకటి ఉంది. ఆసుపత్రులు వచ్చాయి. అక్కడికి లెక్కతో సహా, వేళకు చేరడం మన చేతిలో ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏడో నెల తర్వాత షుగర్ ఎందుకు పెరుగుతుంది? మనం తిన్న అన్నం, రొట్టె చక్కెరగా మారి రక్తంలో కలుస్తాయి. ఆ చక్కెరను రక్తంలో నుంచి ఒంట్లోని కణాల్లోకి పంపేది ఇన్సులిన్. కడుపులో బిడ్డకు ఆహారం అందించే మాయ కొన్ని హార్మోన్లను తయారు చేస్తుంది. అవి తల్లి ఇన్సులిన్‌ను సరిగ్గా పనిచేయనివ్వవు. బిడ్డకు ఎక్కువ ఆహారం అందాలని ప్రకృతి చేసుకున్న ఏర్పాటు అది. చాలామంది తల్లుల శరీరం ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసి సర్దుకుంటుంది. కొందరిలో అది చాలదు. అప్పుడు షుగర్ పెరుగుతుంది. మాయ పెరిగే కొద్దీ ఈ ఒత్తిడీ పెరుగుతుంది. ఆరో నెలలో బాగున్న లెక్క ఎనిమిదో నెలలో తప్పొచ్చు. ఆమె ఏదో తినకూడనిది తిన్నదని అత్తో, ఆడబిడ్డో మాట అంటే, ఇది మాయ వల్ల వచ్చేదని మీరు చెప్పాలి.

తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ దాటదు. ఎక్కువైన చక్కెరను సర్దడానికి బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. దాంతో బిడ్డ కొవ్వు పట్టి పెద్దగా పెరుగుతుంది. కాన్పులో తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది. పుట్టి బొడ్డు కోయగానే తల్లి నుంచి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఎక్కువగానే ఉంటుంది. అందుకే అలాంటి బిడ్డకు పుట్టిన కొద్ది గంటల్లో షుగర్ పడిపోవచ్చు. తల్లికి బీపీ పెరగడం, ఉమ్మనీరు ఎక్కువ కావడం, నెలలు నిండకుండా కాన్పు రావడం, అదుపు పూర్తిగా తప్పితే కడుపులోనే బిడ్డ పోవడం కూడా జరగొచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు. లెక్క అదుపులో ఉంటే ఈ ప్రమాదాలు చాలా తగ్గుతాయి. షుగర్ ఉన్న ఎందరో తల్లులు ఆరోగ్యమైన బిడ్డల్ని కంటున్నారు.

‘మా అక్క సన్నగా ఉంటుంది, ఆమెకెందుకు షుగర్?’ అని ఒక అమ్మాయి నన్ను అడిగింది. మన దేశంలో సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది. చూసి చెప్పలేం, లక్షణాలను బట్టీ చెప్పలేం. అందుకే గర్భిణులందరికీ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెప్తున్నాయి. 2014లో వచ్చిన వాటిని 2018లో సవరించారు. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒకసారి, అప్పుడు బాగుంటే 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయాలి. 75 గ్రాముల గ్లూకోజు పొడిని సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఐదు, పది నిమిషాల్లో తాగిస్తారు. రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 లేదా అంతకంటే ఎక్కువ వస్తే గర్భిణి షుగర్ కింద లెక్క. ఈ పరీక్షకు పరగడుపున రావాల్సిన పని లేదు. తాండా నుంచి పొద్దున్నే ఏదో తిని, బస్సెక్కి, మధ్యాహ్నానికి చేరినా చేస్తారు. దూరం నుంచి వచ్చే తల్లిని ‘రేపు ఏమీ తినకుండా రా’ అని పంపిస్తే మళ్లీ రాకపోవచ్చు. అది గ్రహించి ఈ పద్ధతి కోసం పాటుపడిన వాళ్లలో చెన్నై డాక్టర్ వి. శేషయ్య ముఖ్యులు. ఆయన పుట్టినరోజు మార్చి 10ని మన దేశంలో గర్భిణుల షుగర్ అవగాహన దినంగా జరుపుతున్నారు.

ఇక్కడ మన వాళ్లకు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష గురించి వినే ఉంటారు. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో, రక్తహీనత బాగా ఉన్నవాళ్లలో ఆ అంకె తప్పుదారి పట్టించవచ్చు. ఆ రెండూ మన గూడేల్లో ఉన్నవే. సికిల్ సెల్ నిర్మూలన కోసం 2023 జులైలో కేంద్రం జాతీయ కార్యక్రమమే మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ కార్డు ఉంటే దాన్ని షుగర్ కార్డుతో పాటే డాక్టర్ ముందు పెట్టండి. సగటు బాగుందని రోజువారీ పరీక్షలు మానేయొద్దు.

షుగర్ ఉందని తేలాక మొదట రెండు వారాలు ఆహారం, నడకతో చూస్తారు. తిన్న రెండు గంటలకు 120 కంటే తక్కువ ఉంటే అలాగే కొనసాగిస్తారు. 120, ఆపైన ఉంటే మందు మొదలుపెడతారు. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు. ఇవి సాధారణంగా డాక్టర్లు పెట్టే హద్దులు. రెండు గంటలు అంటే చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి. 28 వారాల దాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత వారానికోసారి చూడాలని మార్గదర్శకాలు చెప్తాయి. ఇన్సులిన్ వాడేవాళ్లను ఇంకా తరచుగా చూసుకోమంటారు. ఇంట్లో చిన్న మిషను ఉంటే చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని, వేలి కొన పక్కన గుచ్చాలి. అరటిపండు ఒలిచిన చేత్తో గుచ్చితే పండులోని చక్కెర కూడా అంకెలో కలుస్తుంది.

తిండి దగ్గరికి వద్దాం. మన ఇళ్లలో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, ఇద్దరి కోసం తినమని పళ్లెం నింపడం. రెండోది, షుగర్ అనగానే కడుపు మాడ్చడం. రెండోది ఇంకా ప్రమాదం. కడుపుతో ఉన్న మనిషి ఒక్కపొద్దులు ఉండకూడదు. రోజుకు మూడు పూటలు భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి ఉండాలి. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు అన్నం గానీ రొట్టె గానీ, మిగిలిన పావు పప్పు, గుడ్డు, చేప, మాంసం. చాలామందికి పొద్దుటి టిఫిన్ తర్వాతే అంకె ఎక్కువ వస్తుంది. కాబట్టి నాలుగు ఇడ్లీల బదులు రెండు, వాటితో పాటు గుడ్డో, పల్లీల చట్నీయో, శనగల గుగ్గిళ్లో పెట్టండి.

జొన్న బాటీ మంచిదని అందరం అంటాం. నిజమే, మన నాయనమ్మలు తిన్న జొన్న, సజ్జ, కొర్ర తెల్లబియ్యం కంటే నయం. కానీ జొన్నలోనూ పిండి పదార్థమే ఉంది. రెండు రొట్టెలకు బదులు ఐదు తింటే లెక్క తప్పుతుంది. గటకను పలుచగా కాచి గ్లాసుల కొద్దీ తాగినా అంతే. ఉట్నూరు వైపు మన ఆడవాళ్లు చేసే ఇప్పపువ్వు లడ్డూ చూసి నాకు గర్వంగా ఉంటుంది. రక్తం పట్టాలని గర్భిణులకు పెడతారు. అయితే ఇప్పపువ్వులోనే తీపి ఉంది, దానికి బెల్లం కూడా కలుస్తుంది. షుగర్ ఉన్న తల్లికి రక్తం కోసం ఐరన్ మాత్రలు, ఆకుకూరలు, గుడ్డు, మాంసం ఉన్నాయి. లడ్డూ డాక్టర్‌ను అడిగాకే. అంగన్‌వాడీలో పెట్టే భోజనం మానక్కర్లేదు. అన్నం కొంచెం తగ్గించి పప్పు, గుడ్డు, కూర పూర్తిగా తినమనండి. కల్లు, సారా అసలు వద్దు. బలం వస్తుందని ఎవరు చెప్పినా వద్దు.

పట్నంలో ఉన్న ఆమెకు ఇంకో రకం చిక్కులు. ఇరానీ చాయ్ చక్కెర కలిపే ఇస్తారు, దాంతో పాటు బిస్కెట్లు వస్తాయి. దవాఖానాలో వరుసలో నిలబడి ఆకలేస్తే బయట బండి మీద దొరికేది జ్యూసు. పండు తినొచ్చు, జ్యూసు వద్దు. జామకాయో, బత్తాయో ఒక్కటి, అన్నంతో కాకుండా మధ్యలో తినాలి. ఆసుపత్రికి వెళ్లే రోజు డబ్బాలో రొట్టె, కూర, ఉడకబెట్టిన గుడ్డు కట్టుకెళ్లండి. అక్కడ ఎంతసేపు పడుతుందో మన చేతిలో ఉండదు.

రోజూ మొత్తం అరగంట నడక మంచిది. ఒకేసారి కుదరకపోతే మూడు పూటలా తిన్నాక పది నిమిషాల చొప్పున నడవొచ్చు. డాక్టర్ విశ్రాంతి చెప్పినవాళ్లు మాత్రం నడవకూడదు. జనవరిలో నుమాయిష్‌కు తీసుకెళ్లమని అడిగితే తీసుకెళ్లండి. రద్దీ లేని వేళ మెల్లగా నడిపించండి. తీపి దుకాణాల వైపు మీరూ తిరగకండి. ఆమె ముందు తింటూ ఆమెను వద్దనడం ఏం న్యాయం?

తిండి, నడకతో సరిపోనప్పుడు మెట్‌ఫార్మిన్ మాత్రలో, ఇన్సులిన్ సూదో రాస్తారు. సూది పేరు చెప్తే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ‘ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలదు’ అంటారు. గర్భంలో వచ్చిన షుగర్‌కు మొదలుపెట్టిన సూది కాన్పయ్యాక చాలామందికి ఆగిపోతుంది. మాయ బయటికి వచ్చేస్తే అది కలిగించిన ఒత్తిడీ పోతుంది. ముందు నుంచే షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు మందు కొనసాగుతుంది, కళ్లు, కిడ్నీలు కూడా చూపించుకోవాలి. ఎనిమిదో నెలలో యూనిట్లు పెంచారంటే జబ్బు ముదిరిందని కాదు, మాయ పెరిగిందని. కానీ చివరి వారాల్లో ఏ కారణం లేకుండా షుగర్ ఒక్కసారిగా తగ్గిపోతూ, సూది అవసరమే తగ్గిపోతే సంబరపడకుండా ఆ రోజే ఆసుపత్రికి చెప్పండి. మాయ పనితీరు చూడాల్సి రావొచ్చు.

సూది విషయంలో చదువుకున్నవాళ్లు తప్పక చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇన్సులిన్ సీసా మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లు అని ఉంటే ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్లు అని ఉంటే నారింజ మూతది. ఇవి తారుమారైతే మోతాదే మారిపోతుంది. మెడికల్ షాపులో ఏది ఇచ్చినా సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి చదవండి. సీసాను ఫ్రిజ్‌లో పెట్టాలి, మంచు గడ్డకట్టే పై అరలో మాత్రం పెట్టకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను కవర్‌లో చుట్టి నీళ్లు పోసిన మట్టికుండలో చల్లగా ఉంచొచ్చు. బస్సులో వెళ్లేటప్పుడు ఎండ తగిలే సంచిలో వేయకండి.

సూదేసుకుని తినడం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తలనొప్పి, విపరీతమైన ఆకలి, కళ్లు తిరగడం వస్తాయి. 70 కంటే తక్కువ ఉంటే, లేదా మిషను లేకపోయినా ఈ లక్షణాలు కనిపిస్తే, మూడు చెంచాల గ్లూకోజు పొడి గ్లాసు నీళ్లలో కలిపి తాగించి కూర్చోబెట్టండి. పావుగంట తర్వాత రొట్టెో, అన్నమో, పాలో ఇవ్వండి. తగ్గకపోతే మళ్లీ గ్లూకోజు ఇచ్చి 108కి ఫోన్ చేయండి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు. గ్లూకోజు పొట్లం ఆమె సంచిలో ఎప్పుడూ ఉండాలి.

బడిలో పిల్లలకు హాజరు వేసినట్టే కడుపులో బిడ్డకూ రోజూ హాజరు వేయాలి. అన్నం తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని కదలికలు లెక్కపెట్టమనండి. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే రేపటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాపు, ఉమ్మనీరు పోవడం, రక్తం కనిపించడం, ఆగని వాంతులు ఉన్నా అంతే.

ఇప్పుడు ఊరు మారే సంగతి. మా హాస్టల్ అమ్మాయి ఒకామె అక్కకు జరిగింది చెప్తాను. ఊరి పేరు, ఆసుపత్రి పేరు అక్కర్లేదు. ఏడో నెలలో నగరంలో ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఎనిమిదో నెలలో తల్లిగారింటికి తాండాకు వెళ్లింది. కార్డు అద్దింట్లోనే బీరువాలో ఉంది. తాండాలో ఎవరో సూది పిల్లకు మంచిది కాదన్నారు, ఆమె మానేసింది. అక్కడి ఏఎన్ఎమ్‌కు ఆమెకు షుగర్ ఉందన్న సంగతే తెలియదు. మూడున్నర వారాల తర్వాత కదలికలు తగ్గాయని అర్ధరాత్రి అంబులెన్స్‌లో తీసుకొచ్చారు. ఆపరేషన్ చేశారు. బిడ్డ పెద్దగా పుట్టి, షుగర్ పడిపోయి, కొన్ని రోజులు అద్దాల పెట్టెలో ఉంది. బతికింది. ఆ రోజుల్లో ఆ అమ్మాయి పరీక్ష ఒకటి పోయింది, తండ్రి చేసిన అప్పు ఇంకా తీరలేదు.

ఇంకో ఇంట్లో వేరేగా జరిగింది. ఆ తమ్ముడు అబిడ్స్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తాడు. ఆదివారం సెలవు. మీరంతా ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కునే ఆ పొద్దున అతను ముందు ఊళ్లో ఉన్న అక్కకు ఫోన్ చేసేవాడు. వారం అంకెలన్నీ అడిగి నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. పదో తరగతి దాకానే చదివాడు. వరుసగా మూడు రోజులు పరగడుపు అంకె 95 దాటిందని కనిపెట్టి, ఆమెను మర్నాడే ఆసుపత్రికి పంపింది అతనే. మందు మార్చారు, కాన్పు సుఖంగా అయింది. అతను చేసింది ఒక పట్టిక నింపడం. అది మీలో ఎవరైనా చేయగలరు.

ఆ పట్టికలో తేదీ, పరగడుపు అంకె, మూడు పూటలా తిన్న రెండు గంటల అంకెలు, సూది యూనిట్లు, బిడ్డ కదలికలు రాయండి. ఊరు మారే ముందు రెండు పనులు చేయాలి. వదిలి వెళ్లే చోట డాక్టర్‌తో ఇప్పటి మందు, మోతాదు, తర్వాతి పరీక్ష తేదీ కార్డులో రాయించుకోవాలి. చేరిన వారంలోపే అక్కడి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎమ్‌కు ఆ కార్డు చూపించాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు ఉంటాయి. పరీక్షలకు తీసుకెళ్లడానికి 102 వాహనం ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. వారం వారం వెళ్లడానికి ఇవన్నీ వాడుకోండి.

పురుడు ఎక్కడ అన్నది ముందే అనుకోండి. షుగర్ ఉన్న తల్లికి ఇంట్లో కాన్పు వద్దే వద్దు. ఇన్సులిన్ వాడుతుంటే ఆపరేషన్ సౌకర్యం, పిల్లల డాక్టరు ఉన్న చోటే కావాలి. షుగర్ అదుపులో ఉండి నొప్పులు రాకపోతే సాధారణంగా 39 వారాలు నిండాక నొప్పులు రప్పించే ఆలోచన చేస్తారు. అందుకే గడువు తేదీ దాకా తాండాలో ఆగి చూద్దామనుకోకూడదు. దూరం ఊళ్లయితే ముందే వచ్చి ఆసుపత్రికి దగ్గరలో ఉండండి.

బిడ్డ పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. మన ఇళ్లలో కొన్నిచోట్ల ముర్రుపాలు పిండి పారబోసి, తేనె నాకిస్తారు. ఏ బిడ్డకైనా అది తప్పే. షుగర్ తల్లికి పుట్టిన బిడ్డకు ఆ పాలే మొదటి మందు. పడిపోబోయే షుగర్‌ను నిలబెట్టేది అవే. బిడ్డ రక్తం కూడా పరీక్షిస్తారు. పసిపిల్ల మడమ గుచ్చారని నర్సులతో గొడవపడకండి.

కాన్పుతో షుగర్ పోయిందని అందరూ మరిచిపోతారు. నెలన్నరకు తల్లికి మళ్లీ 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయాలి, దీనికి మాత్రం పరగడుపున వెళ్లాలి. బిడ్డకు నెలన్నర టీకా వేయించేదీ అప్పుడే. ఒకే ప్రయాణంలో రెండు పనులు అయ్యేలా ముందే అడిగి పెట్టుకోండి. అప్పుడు బాగున్నా ఏడాదికోసారి చూపించుకోవాలి. గర్భంలో షుగర్ వచ్చిన తల్లికి తర్వాత మామూలు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. అలా పుట్టిన పిల్లలకూ పెద్దయ్యాక ఆ అవకాశం ఉంటుంది. నడక, తిండి అలవాట్లు ఇంటిల్లిపాదికీ వస్తే అందరికీ మంచిది.

ఇప్పుడు ఫోన్లు తీయండి. మీ ఇంట్లో, మీ చుట్టాల్లో ఇప్పుడు కడుపుతో ఉన్నది ఎవరో గుర్తు చేసుకోండి. అక్క, చెల్లె, వదిన, మరదలు, మీ భార్య ఎవరైనా సరే. ఈ రాత్రి ఆమెకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఎన్నో వారం? గ్లూకోజు తాగించి చేసే షుగర్ పరీక్ష అయిందా, ఎంత వచ్చింది? కార్డు ఎక్కడ ఉంది? ఆ కార్డులో ప్రతి పేజీ ఫొటో తీసి పంపమనండి. మీ ఫోన్‌లో దాచండి, ఆమె వెళ్లబోయే ఊళ్లో ఉన్నవాళ్లకూ పంపండి. మగపిల్లలు అడగడానికి సిగ్గుపడతారేమో. రిజర్వేషన్ ఫారం, స్కాలర్‌షిప్ ఫారం ఇంట్లో అందరికీ మీరే నింపి పెడుతున్నారు కదా, ఇదీ అలాంటి కాగితమే.

వచ్చే సమావేశానికి వచ్చినప్పుడు ఎంతమంది ఫోన్లలో ఆ ఫొటోలు ఉన్నాయో నేను అడుగుతాను. వార్డెన్‌ని కదా, హాజరు తీసుకోకుండా ఉండలేను.